‘తొందరగా ఎదిగే మొక్క’: ఒక వాక్యానికి ప్రతిపద వ్యాఖ్య

“చిన్న పెరడండీ. పక్కింటివాళ్ళకి కనపడకుండా తొందరగా ఎదిగే మొక్క ఏదైనా ఇవ్వండి.”

కడియం నర్సరీల్లోనైనా, హైదరాబాద్ శివార్లలో రోడ్డు వారగా గ్రీన్ నెట్ కట్టుకున్న చోట్లనైనా ఈ మాట కాస్త అటూ ఇటుగా వినపడుతూనే ఉంటుంది. అడిగేవాళ్ళు అందరూ కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ళు కారు. చాలామంది పాతికేళ్ళుగా ఆ ఇంట్లోనే ఉంటున్నవాళ్ళు. మారింది పక్కిల్లు. నిన్నటిదాకా పెంకుటిల్లు ఉన్నచోట మూడంతస్తులు లేచాయి. బట్టలారేసుకునే చోటికి, అంట్లు తోముకునే గట్టుకి, మంచం వేసుకుని పడుకునే మూలకి ఒక్కసారిగా ఆరు కిటికీలు వచ్చాయి. దాంతో మొక్కల కోసం బయల్దేరారు.

వ్యాఖ్య రాసేవాళ్ళు ముందు అన్వయం తేల్చుకుంటారు. ఈ వాక్యానికి ప్రాణం ‘తొందరగా’ అన్న మాటలో ఉందని అడిగేవాళ్ళూ అనుకుంటారు, అమ్మేవాళ్ళూ అనుకుంటారు. నేనలా అనుకోను. ప్రాణం ‘కనపడకుండా’లో ఉంది. మిగిలినవన్నీ దానికి విశేషణాలు.

చిన్న. నూటయాభై, రెండు వందల గజాల్లో కట్టిన ఇంటి వెనక మిగిలేది ఆరేడడుగులు, మహా అయితే ఎనిమిది. పొడుగు ముప్ఫై అడుగులున్నా మనకు లెక్కలోకి వచ్చేది వెడల్పే. అందుకే మొక్క ఎంత ఎత్తు పెరుగుతుందని కాదు, ఎంత వెడల్పు పరుచుకుంటుందని అడగాలి. కత్తెర పడని మందారం ఐదారడుగుల గుబురవుతుంది. కాగితం పువ్వు అంతకు మించి చేతులు చాస్తుంది, పైగా ముళ్ళు. ఆరడుగుల సందులో ఐదడుగుల గుబురు పెడితే చాటు దొరుకుతుంది గానీ పెరడు మిగలదు.

వెడల్పుతో పాటు చూడాల్సింది ఎండ. రెండు మేడల నడుమ ఇరుకు జాగాలో ఎండ రోజుకి రెండు మూడు గంటలకు మించి పడదు. నర్సరీలో నిండు ఎండలో నిగనిగలాడిన మొక్క ఇక్కడికి రాగానే వెలుతురు కోసం సాగిపోయి, కింద బోసిగా, పైన నాలుగాకులతో నిలబడుతుంది. నీడను ఓర్చుకునేవి వేరే ఉన్నాయి. నందివర్ధనం కొంతవరకు ఓర్చుకుంటుంది. అరెకా పామ్ బాగా ఓర్చుకుంటుంది. మడగాస్కర్ నుంచి వచ్చిన ఈ మొక్క మొదట్లోంచే పిలకలు వేస్తూ గుంపుగా లేస్తుంది, గోడను ఒత్తదు. దాని తొందర మాత్రం దానిదే, మనం అనుకున్నంత ఉండదు.

పెరడండీ. కనపడే పెరడు కింద కనపడని పెరడు ఒకటుంది. సెప్టిక్ ట్యాంకు, సంపు, బోరు, వంటింటి నీళ్ళు పోయే పైపు, మ్యాన్‌హోలు అన్నీ ఇంటి వెనకే. వేళ్ళు బాగున్న పైపును పగలగొట్టుకుని లోపలికి పోవు. అతుకు దగ్గర సన్నగా కారే చెమ్మను వెతుక్కుంటూ వచ్చి, వెంట్రుకవాసి సందులోంచి దూరి, లోపల పీచులా అల్లుకుంటాయి. వేగంగా పెరిగే చెట్టు నీళ్ళు కూడా ఎక్కువ తాగుతుంది కాబట్టి ఈ పనిలో ముందుండేవి మనం ముచ్చటపడే వేగవంతులే.

ఇక్కడ కోనోకార్పస్ గురించి చెప్పక తప్పదు. కువైట్‌లోనో దుబాయ్‌లోనో పనిచేసి వచ్చినవాళ్ళు చూడగానే గుర్తుపడతారు, అక్కడి రోడ్ల పక్కన పచ్చటి గోడలన్నీ ఇదే. దాని పుట్టిల్లు సోమాలియా, యెమెన్ తీరాలు. ఉప్పు నేలనీ, మండే ఎండనీ లెక్కచేయదు, ఎలా కత్తిరిస్తే అలా నిలుస్తుంది, ఏడాది తిరిగేసరికి మనిషిని దాటేస్తుంది. ఈ గుణాలు చూసే మన ఊళ్ళలో డివైడర్ల మీదికీ, వెంచర్లలోకీ, పెరళ్ళలోకీ తెచ్చారు. గల్ఫ్‌లోనే అది భూమిలోని పైపుల్లోకి దూరి తలనొప్పి తెచ్చిందన్న సంగతి ఆలస్యంగా తెలిసింది. తెలంగాణలో హరితహారం కోసం ఊరూరా పెంచి, తర్వాత ఇక పెంచవద్దని అధికారులే చెప్పాల్సి వచ్చింది. 2023లో గుజరాత్ నిషేధించింది. దాని పుప్పొడితో ఉబ్బసం వస్తుందన్న వాదన మీద వృక్షశాస్త్రం చదివినవాళ్ళలోనే ఏకాభిప్రాయం లేదు. ఆ సంగతి పక్కన పెట్టినా, సెప్టిక్ ట్యాంకుకి నాలుగడుగుల దూరంలో నాటదగిన చెట్టు అది కాదు. ఇప్పటికీ కొన్నిచోట్ల పేరు చెప్పకుండా ‘హెడ్జ్ మొక్క’ అని అమ్ముతుంటారు.

పక్కింటివాళ్ళకి. ఎవరికి? ఏ అంతస్తులో ఉన్నవాళ్ళకి? ఏ వేళప్పుడు? ఈ షష్ఠీ విభక్తిలో ఇన్ని ప్రశ్నలున్నాయి. ప్రహరీ మీంచి తొంగిచూసే అవకాశం ఉన్న పక్కిల్లు ఒక రకం, పైనుంచి చూపు పడే పక్కిల్లు ఇంకో రకం. మొదటిదానికి ప్రహరీని కాస్త మించిన కంచె చాలు. రెండోదాని లెక్క కింద చెబుతాను.

కిటికీ పెట్టకుండా ఆపలేమా అని అడిగేవాళ్ళుంటారు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 18వ సెక్షన్ ఈ విషయం తలచుకుంది గానీ, ఆ ఊళ్ళో అలాంటి ఆచారం ఉందని రుజువైతేనే హక్కు. 1888లో అలహాబాద్ హైకోర్టు పరదా పాటించే ఇంటి ఆడవాళ్ళ చోటు మీదికి చూపు పడకుండా అలాంటి ఆచారపు హక్కును నిలబెట్టింది. మన మద్రాసు వైపు కోర్టు మాత్రం దీన్ని ఒప్పుకోలేదు. కాబట్టి మునిసిపాలిటీ నిబంధనల ప్రకారం జాగా వదిలి కట్టుకున్న పొరుగువారి కిటికీ మీద మనకు మిగిలిన ఉపాయం మన స్థలంలో మనం వేసుకునే చాటే.

ఆ చాటు వాళ్ళ వైపు వాలితే మాత్రం నరికే హక్కు వాళ్ళకుంటుంది. ఆకులు వాళ్ళ వాకిట్లో రాలుతుంటే మాట పట్టింపు వస్తుంది. నాటే ముందు, “అన్నయ్యగారూ, ఈ గోడ వారగా మొక్కలు వేసుకుంటున్నాం, మీకేమైనా ఇబ్బంది ఉంటుందా?” అని అడిగితే పోయేదేమీ లేదు. తరచుగా అవతలివాళ్ళే ఒక కిటికీకి రంగుటద్దం బిగించుకుంటారు. వాళ్ళకీ మన అంట్లగట్టు చూడాలన్న సరదా ఏమీ ఉండదు.

కనపడకుండా. ప్రధానపదం ఇదే కనుక తీరిగ్గా చూద్దాం.

చూపు సరళరేఖలో వస్తుంది. ఆ గీత ఎక్కడ మొదలై ఎక్కడికి చేరుతుందో తెలిస్తే దాన్ని ఎక్కడ తెంచాలో తెలుస్తుంది. ఒక లెక్క వేద్దాం. పక్కింటి గోడ మన ప్రహరీకి అవతల 4 అడుగుల్లో ఉంది. పై అంతస్తు కిటికీ దగ్గర నిలబడ్డ మనిషి కళ్ళు నేలనుంచి 16 అడుగుల ఎత్తులో ఉన్నాయి. మీరు ప్రహరీకి ఇవతల 6 అడుగుల దూరంలో కుర్చీ వేసుకున్నారు, కూర్చుంటే మీ తల 4 అడుగుల ఎత్తు. ఆ చూపును ప్రహరీ దగ్గరే తెంచాలంటే 11 అడుగుల మొక్క కావాలి. దాన్నే మీ కుర్చీకి రెండడుగుల ముందు పెడితే ఆరున్నర అడుగులు చాలు. ఇంకో అంతస్తు పైనుంచి అయితే కళ్ళు 27 అడుగుల ఎత్తులో ఉంటాయి. అప్పుడు గోడ దగ్గర 18 అడుగులు కావాలి, కుర్చీ దగ్గర ఎనిమిదిన్నర చాలు. ఆపై అంతస్తుకు గోడ దగ్గర 24 అడుగులు కావాలి, కుర్చీ దగ్గర 11.

అందరూ మొక్కలు నాటేది ప్రహరీ వారనే. అంటే అన్నిటికంటే ఎక్కువ ఎత్తు అవసరమైన చోట. తొందరగా ఎదిగే మొక్క కోసం వెతుకులాట అంతా సగం ఇందువల్లే. చాటు కావలసిన మనిషి దగ్గరికి మొక్కను తెస్తే ఎత్తు అవసరం తగ్గుతుంది, ఎత్తు తగ్గితే తొందర కూడా తగ్గుతుంది.

ఇదే దారిలో ఇంకో అడుగు వేస్తే పందిరి దగ్గర తేలతాం. పైనుంచి పడే చూపుకి నిలువు గోడ కంటే అడ్డంగా వేసిన కప్పు నయం. ఎనిమిదడుగుల ఎత్తున నాలుగు ఇనుప గొట్టాలు నిలబెట్టి, పైన వైరు అల్లి, తీగ ఎక్కిస్తే ఎన్ని అంతస్తులు లేచినా లెక్క మారదు. మన పెరళ్ళలో పందిరి ఎప్పుడూ ఉండేది. కాంపౌండ్ గోడ, టైల్స్, గ్రానైట్ గట్టు వచ్చాక దాన్ని పల్లెటూరి వస్తువని తీసేశాం.

ఇంకొకటి, పూర్తిగా మూసుకుపోవాల్సిన పని లేదు. తాటాకు దడి కట్టుకున్న ఇళ్ళలో లోపలున్నవాళ్ళకి వీధిలో పోయేవాళ్ళు కనపడేవారు, వీధిలో పోయేవాళ్ళకి లోపలివాళ్ళు కనపడేవారు కాదు. వెలుతురులో ఉన్నది కనపడుతుంది, నీడలో ఉన్నది కనపడదు, సందుల వెనక నీడ ఉంటే సందులున్నా చాటే. పగలు పల్చటి తీగ కూడా అందుకే సరిపోతుంది. రాత్రి మీ పెరట్లో బల్బు వెలిగించి, పక్కింటివాళ్ళు చీకట్లో ఉంటే ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ మొక్కను తప్పుపట్టి లాభం లేదు, బల్బు కిందికి దించి దానికో మూత పెట్టాలి.

తొందరగా. నిజంగా తొందరగా ఎదిగేవాటిని ముందు ఒప్పుకుందాం. అవిసె ఒక్క ఏడాదిలో పదడుగులు దాటుతుంది. తమలపాకు తోటల్లో తీగకు ఆధారంగా దాన్ని వేయడానికి కారణం ఆ వేగం, పల్చటి నీడ. మునగ అంతే వేగం. సుబాబుల్ వద్దన్నా పెరుగుతుంది, దాని గింజలు పెరడంతా మొలుస్తాయి. ఇవేవీ చాటుకి పనికిరావు. కింద మూడు వంతులు కాండం, పైన గొడుగు. చూపు సరిగ్గా కాండాల మధ్య నుంచి వస్తుంది. పైగా అవిసె, మునగ కలప మెత్తన. ఈదురుగాలికి మునగ కొమ్మ విరిగిపడటం తెలియని తెలుగిల్లు ఉండదు.

వెదురు సంగతి వేరు. నాటిన ఏడాది సన్నటి పుల్లల్లాంటి పిలకలు వేసి నిరాశపరుస్తుంది. ప్రతి వానాకాలం ముందటేటి కంటే లావుగా, ఎత్తుగా కొత్త పిలకలు వస్తాయి, మూడో ఏటికి తడక తయారవుతుంది. ఒక్కో గడ భూమిలోంచి వచ్చిన రెండు మూడు నెలల్లో తన పూర్తి ఎత్తు అందుకుని అక్కడితో ఆగిపోతుంది, ఆ తర్వాత లావూ పెరగదు, పొడుగూ పెరగదు. కావలసిన ఎత్తులో తల కోసేస్తే ఆ గడ మళ్ళీ పైకి లేవదు, పక్క కొమ్మలతో గుబురవుతుంది. చాటు కోరేవాళ్ళకి ఇంతకంటే అనుకూలమైన స్వభావం వేరే మొక్కలో నాకు తెలియదు.

వెదురు అంటే భూమి కింద పాకి ఇల్లంతా ఆక్రమిస్తుందన్న భయం చల్లటి దేశాల జాతుల వల్ల వచ్చింది. మన ఉష్ణమండలపు జాతులు ఎక్కువగా గుంపుగా ఒకేచోట పెరిగేవి. వాటిలోనూ చూసుకోవాలి. పసుపు రంగు గడలమీద పచ్చ చారలున్న వెదురు అందంగా ఉందని తెస్తే అది ముప్ఫై అడుగులు దాటి, చేతి మణికట్టంత లావవుతుంది. చిన్న పెరటికి హెడ్జ్ వెదురు అని అమ్మే సన్నటి రకమే తగినది. ఎండుటాకులు రాల్చడం మాత్రం ఆపదు. చీపురు పని పెరుగుతుందని ముందే ఇంట్లో చెప్పి ఒప్పించుకోవాలి.

అసలు తొందర తీగలది. ఆషాఢ శ్రావణాల్లో గింజ వేస్తే పాదు చిక్కుడు రెండు నెలల్లో పందిరి కప్పేస్తుంది. పగలు పొట్టివయ్యాక పూతకొచ్చి, రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టుకునేదాకా కాస్తూనే ఉంటుంది. ఆ తర్వాత ఎండిపోతుంది. అంటే సరిగ్గా ఎండాకాలం, మనుషులు సాయంత్రాలు పెరట్లో గడిపే రోజుల్లో, పందిరి బోసి. అందుకే చిక్కుడు పక్కనే రాధామనోహరమో సన్నజాజో నాటి ఉంచాలి. మొదటి ఏడు చిక్కుడు చాటిస్తుంది, ఆలోపు శాశ్వతమైన తీగ వేళ్ళూనుకుంటుంది. తొందర ఉన్నవాళ్ళకి నేను చెప్పేది ఇదే, వేగంగా పెరిగేదీ నెమ్మదిగా పెరిగేదీ ఒకే రోజు నాటండి. రాధామనోహరం ఎక్కించేవాళ్ళు పందిరి గట్టిగా వేయాలి. దాని బరువు మూడో ఏట తెలుస్తుంది, సన్న గొట్టాలు వంగిపోతాయి.

ఎదిగే. ఈ క్రియకు ముగింపు లేదు. పదడుగులు కావాలని నాటిన మొక్కకు మీ పదడుగుల సంగతి తెలియదు. ఏడాదికి ఐదడుగులు పెరిగేది మూడో ఏడూ ఐదడుగులు పెరుగుతుంది, అప్పుడు నిచ్చెన కావాలి, మనిషి కావాలి, కొట్టిన కొమ్మలు ఎత్తుకుపోయేవాడు కావాలి. వేగంగా పెరిగే కంచె వానాకాలంలో నెలకోసారి కత్తెర అడుగుతుంది. నిదానంగా పెరిగేది ఏడాదికి రెండుసార్లతో సరిపెట్టుకుంటుంది. నర్సరీలో మిగుల్చుకున్న కాలాన్ని కత్తెర దగ్గర తిరిగి కట్టుకోవాలి.

కత్తిరించడంలో అందరూ చేసే పొరపాటు, కావలసిన ఎత్తు వచ్చేదాకా చెయ్యి పెట్టకపోవడం. అప్పటికి కింద కొమ్మలుండవు. మొక్క కొసన ఉన్న మొగ్గ పక్క మొగ్గల్ని నిద్రలేవనివ్వదు. దాన్ని తుంచితేనే కింద పిలకలు వస్తాయి. గోరింట కంచె అయినా మందారమైనా అడుగున్నర ఎత్తులోనే మొదటి కోత పడాలి, ఆ తర్వాత ప్రతి అడుగుకీ ఒకటి. కింద వెడల్పుగా, పైకి పోనుపోను సన్నగా చెక్కాలి. పైన వెడల్పైతే కిందికి ఎండ తగలక కాళ్ళు బోసిపోతాయి. చిన్నప్పుడే కొసలు కోయాలంటే ప్రాణం ఒప్పదు, తొందరపడి కొన్నవాళ్ళకి అసలే ఒప్పదు.

తీరప్రాంతం వాళ్ళు గాలిని కూడా లెక్కలో పెట్టుకోవాలి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను విశాఖ మీదుగా పోయినప్పుడు ఊళ్ళో చెట్లు కుప్పకూలాయి. వేగంగా పెరిగి, పైన బరువు మోస్తూ, ఇరుకు జాగాలో వేళ్ళు చాచుకోలేని చెట్టు గోడకీ కరెంటు తీగకీ మధ్య ఉంటే అది ఎటు పడినా నష్టమే.

మొక్క. ఏకవచనం. ఒకే రకం ముప్ఫై మొక్కలు వరసగా పెడితే చూడ్డానికి బాగానే ఉంటుంది. మందారానికి పిండినల్లి పట్టిందంటే ముప్ఫైకీ పడుతుంది, చాటంతా ఒకేసారి పోతుంది. రెండు మూడు రకాలు కలిపితే ఒకటి పోయినా మిగతావి నిలబడతాయి. గోరింట అడుగు ఎడంలో, నందివర్ధనం రెండున్నర అడుగుల్లో, మూల ఒక వెదురు గుంపు, మధ్యలో ఒక కరివేపాకు. కరివేపాకు చాటివ్వదు కానీ వంటింటి మనిషిని మొక్కలతో రాజీపరుస్తుంది.

సన్నగా, నిటారుగా లేచే నరమామిడిని నర్సరీల్లో అశోక అంటారు. సీతమ్మవారి అశోకం ఇది కాదు. మూడో అంతస్తు చూపును గోడ దగ్గరే తెంచాల్సిన పరిస్థితి తప్పనప్పుడు నేను దీన్నే ఎంచుకుంటాను. తల కోయకుండా, కింది కొమ్మలు తీయకుండా వదిలేస్తే నేలదాకా జీరాడుతూ రెండు మూడడుగుల వెడల్పులో ఒదిగిపోతుంది. పళ్ళకి కోకిలలూ గబ్బిలాలూ వస్తాయి, తెల్లారి గచ్చు కడుక్కోవాలి.

ఏదైనా. ఏదైనా కాదు. గన్నేరును పశువులు ముట్టవని హైవే డివైడర్ల మీద వేస్తారు. ముట్టకపోవడానికి కారణం అది నిలువెల్లా విషం కావడం. పచ్చగన్నేరు గింజ ఇంకా ప్రమాదం. పసిపిల్లలు, కుక్కపిల్ల ఉన్న పెరట్లో రెండూ వద్దు. ఏడాకుల పాల పూసిన సాయంత్రాల్లో ఘాటు భరించలేని వాళ్ళుంటారు, విశాఖలో ఆ గొడవ విన్నదే. తూజా చలి ప్రదేశాల్లో బాగుంటుంది, మన మే నెలలో గోధుమ రంగుకు తిరుగుతుంది. సంపెంగకు పాములు వస్తాయన్నది నమ్మకం మాత్రమే. పాము వచ్చేది ఎలుకల కోసం, ఎలుకలు వచ్చేది కంచె మొదట్లో కుప్పపడ్డ ఎండుటాకుల్లోకి. జానెడు మేర మొదళ్ళు ఊడ్చి పెట్టుకుంటే ఏ మొక్కైనా ఒకటే.

ఇవ్వండి. ఆరడుగుల మొక్క ఇవ్వమంటే నర్సరీవాళ్ళు ఇస్తారు. ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. ఒకసారి సంచీ అడుగు చూడండి. చాలాకాలం చిన్న సంచీలో ఉన్న మొక్క వేళ్ళు లోపలే గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటాయి, నేలలో పెట్టినా ఆ చుట్ట విడిచి బయటికి రావడానికి చాలాకాలం పడుతుంది. రెండడుగుల లేత మొక్క ఆలోపు దాన్ని అందుకుని దాటిపోవడం మామూలే. కాండం సన్నగా ఉన్నా ఫరవాలేదు, మొదట్లోంచే కొమ్మలున్నది ఎంచుకోండి.

ఎండాకాలంలో కొనవద్దు. మృగశిర కార్తె దాటి రెండు మంచి వానలు పడ్డాక అడుగున్నర లోతు గుంట తీసి, మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నాటాలి. గోడకు ఆనించి కాకుండా రెండడుగులైనా ఇవతల పెట్టాలి, లేకపోతే వెనకవైపు కత్తెర పట్టదు. ఇల్లు కట్టినప్పటి సిమెంటు పెళ్ళలు, ఇటుక ముక్కలు ఆ వారనే పూడ్చి ఉంటారు. గుంట తీసినప్పుడు అవన్నీ ఏరేయించి, ఎర్రమట్టి నింపించండి. కూలి కాస్త ఎక్కువవుతుంది.